సంక్షేపములు - మూలములు

మహాగ్రంథమును కుదించి చెప్పినయెడల దాని విలువ తగ్గునా? ఈ ప్రశ్నకు మన ఇతిహాసములే మొదటి సమాధానము చెప్పుచున్నవి. వాల్మీకి రామాయణమున బాలకాండ ప్రథమసర్గయందు నారదుడు రామకథ నంతయు సుమారు 100 శ్లోకములలో వాల్మీకికి వినిపించెను. లక్ష శ్లోకముల గ్రంథమని ప్రసిద్ధిగాంచిన మహాభారతము, ఉపాఖ్యానములు లేని 24,000 శ్లోకముల భారతమును గూర్చియు, 150 శ్లోకముల అనుక్రమణికను గూర్చియు ఆదిపర్వముననే ప్రస్తావించినది. కావున సంక్షేపమును అపచారమనుట మన సంప్రదాయమునకు సమ్మతము కాదు. అయితే ఈ రెండు గ్రంథములందును సంక్షేపము వాకిటనే నిలిచియున్నది. వచ్చినవానిని లోనికి పిలుచుటయే దాని పని.

ఆ వాకిలియే ఇల్లయినచో ఏమగునో తెలుపుటకు 11వ శతాబ్దపు కాశ్మీరదేశ చరిత్ర చాలును. క్షేమేంద్రుడు భారతమంజరి, రామాయణమంజరి, బృహత్కథామంజరి అను మూడు సంగ్రహములు రచించెను. ఆ శతాబ్దముననే సోమదేవుడు, అనంతరాజు పట్టమహిషియైన సూర్యవతీదేవి వినోదార్థము కథాసరిత్సాగరమును కూర్చెను. ఇరువురును గ్రహించినది గుణాఢ్యుని బృహత్కథనే. క్షేమేంద్రుడు దానిని సుమారు 7,500 శ్లోకములకు కుదించెను. సోమదేవుని గ్రంథము 21,000 శ్లోకములకు మించినది. కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని సిద్ధాంతము చేసిన క్షేమేంద్రుడే, త్వరపడి నడచిన ఘట్టములందు, ఎవరు ఎవరితో ఎందులకు పలికిరో తెలియరాని స్థితి కల్పించెను. సోమదేవుడు మూలమును దాటలేదనియు, విస్తరమును మాత్రమే తగ్గించితిననియు, భాష మాత్రమే వేఱనియు గ్రంథారంభమున చెప్పుకొనెను.

ఆ మాట నిజమో కాదో పరీక్షించుటకు నేడు మనకు సాధనము లేదు. పైశాచీభాషలోని బృహత్కథ నశించినది. గుణాఢ్యుడు ఏడు లక్షల శ్లోకములు వ్రాసి, రాజు నిరాదరించుటచే ఆరు లక్షలను అగ్నికి ఆహుతి చేసెనని కథ. అగ్ని సంగతి యెట్లున్నను, మిగిలినవి సంగ్రహములును అనుకరణములును మాత్రమే. నేపాళమున లభించిన బుధస్వామి శ్లోకసంగ్రహము కాశ్మీర గ్రంథములతో పెక్కుచోట్ల విభేదించుచున్నది. అది బయటపడిన పిమ్మట, కాశ్మీరకవులు అనుసరించినది గుణాఢ్యుని మూలము కాక, కాలక్రమమున పెరిగి మాఱిన ఒక కాశ్మీరపాఠమని విద్వాంసులు పెక్కుమంది తలంచిరి. ఏ కథ గుణాఢ్యునిది, ఏది తరువాత చేరినది అను వివాదము తీరుటకు మూలమొక్కటియే సాక్షి. ఆ సాక్షి లేదు.

భారతమంజరి గతి వేఱు. 1892లో బ్యూలర్, కిర్‌స్టె అను పండితులు దానిని మహాభారతముతో పోల్చిచూచి, క్షేమేంద్రుని కాలమునాటి భారతము మన భారతమును పెక్కుపాళ్లు పోలియుండెనని నిరూపించిరి. రసజ్ఞులు శుష్కమని ప్రక్కన పెట్టిన సంగ్రహము చరిత్రకారునకు అమూల్యమైనది. అది సాక్ష్యము పలుకగలుగుటకు కారణము మూలము కూడ జీవించియుండుటయే. ఒకే కవి, ఒకే పద్ధతి. ఒక గ్రంథము మూలమునకు తోడుగా నిలిచినది, మఱియొకటి మూలము లేని శూన్యమున సందేహములకు తావైనది.

సంక్షేపమున నశించున దేది? కథ అంత సులభముగ నశింపదు. ద్యూతము, వనవాసము, యుద్ధము అను వరుస ఎంత కుదించినను నిలుచును. కాని ఉపదేశమున చేరుచోటుకంటె నడచిన దారియే ముఖ్యము. తిక్కన భీష్మపర్వమున 700 శ్లోకముల గీతను మిక్కిలి కుదించెను. కథాకావ్యము రచించువానికి అది తగిన నిర్ణయమే. అర్జునుడు మరల మరల అడిగిన ప్రశ్నలు, తీరినట్లే తోచి మరల తలయెత్తిన సందేహములు మాత్రము కావలసినవాడు గీతనే ఆశ్రయింపవలెను. 1951లో వెలువడిన రాజగోపాలాచారిగారి ఆంగ్లభారతము ఎందఱినో వ్యాసుని వాకిటికి చేర్చినది. శాంతిపర్వమునందలి దీర్ఘోపదేశములకు అందు దాదాపు చోటు లేదు. అంతటితో ఆగినవాడు యుద్ధమును ఎఱుగును. యుద్ధానంతరము ధర్మరాజు హృదయమున రగిలిన ప్రశ్నలను పూర్తిగా ఎఱుగడు.

పెద్దగ్రంథమును చదువుటకు తీరికగాని, భాషాజ్ఞానముగాని లేనివానికి చిన్నగ్రంథమును నిరాకరించుట అన్యాయము. లఘుయోగవాసిష్ఠము సుమారు 6,000 శ్లోకములకు కుదిరినందుననే 16వ శతాబ్దాంతమున సలీము రాజకుమారునికై పారసీకమున అనువదింపబడి, సంస్కృతము రాని పాఠకులను చేరగలిగినది. మనము సంగ్రహకర్తను కోరవలసినది ఒక్కటే: విడిచినదానిని దాచక చెప్పవలెను. పాఠకుడును, ప్రచురణకర్తయు, గ్రంథాలయములును చేయవలసిన పనియు ఒకటి కలదు: మూలమును బ్రతికించియుంచుట. అది చేయక సంగ్రహములతోనే తృప్తినొందిన జాతికి బృహత్కథను పోగొట్టుకొన్న దుఃఖము మరల కలుగవచ్చును.