ఎండిన శిఖం ఖాళీ భూమి కాదు: సైబరాబాద్ చెరువులు, వసంతకాలపు పక్షులు

పరిచయం

చరిత్రకు ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, కోటలు గుర్తుకు వస్తాయి. ఒక చెరువుపై ఏటేటా వాలే పక్షులు కూడా ఆధారమే. హైదరాబాదుకు పశ్చిమాన ఉన్న హైటెక్ సిటీ, దాని పరిసరాలలో భూ వినియోగం ఎలా మారిందో ఈ భాగంలో చెరువులు, పక్షుల ద్వారా తెలుసుకుంటారు.

చెరువుల నిర్మాణం

దక్కన్ పీఠభూమిపై సహజ సరస్సులు అరుదు. అందువల్ల వాననీటికి అడ్డంగా కట్టవేసి చెరువులు నిర్మించారు. పై చెరువు నిండితే అలుగు పారి ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. వీటినే గొలుసుకట్టు చెరువులు అంటాం. దుర్గం చెరువు నుంచి గోల్కొండకు తాగునీరు అందేదని చెబుతారు. మియాపూర్‌కు సమీపంలోని అమీన్‌పూర్ చెరువును ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) కాలం నాటిదిగా భావిస్తారు. ఇవన్నీ మనుషులు తమ అవసరాలకు కట్టుకున్నవే. పక్షులు ఆ తరువాత వాటిని ఆశ్రయించాయి. నిజాం పాలనలో 1931–32లో సలీం అలీ హైదరాబాద్ రాజ్యంలోని పక్షులపై సర్వే జరిపారు. నాటి పక్షి సంపదను తెలుసుకోవడానికి అది ముఖ్యమైన ఆధారం.

వసంతంలో చెరువు

ఫాల్గుణ, చైత్ర మాసాలలో చెరువు నీరు తగ్గి, అంచుల్లో బురద బయటపడుతుంది. పురుగులు, నత్తలు ఆ బురదలోనే దొరుకుతాయి. ఉల్లంకి పిట్టలు అక్కడే మేస్తాయి. లోతు తగ్గిన నీటిలో చేపలు సులువుగా చిక్కుతాయి కనుక ఎర్రకాళ్ల కొంగలు అక్కడికి చేరుతాయి. అమీన్‌పూర్‌లో ఫ్లెమింగోలు కూడా కనిపించాయి. శీతకాలం గడపడానికి వచ్చిన సూదితోక బాతులు ఉత్తరాదికి తిరుగు ప్రయాణమవుతాయి. మధ్య ఆసియాకు వెళ్లే గులాబి గోరింకలు పూచిన మోదుగు, బూరుగు చెట్లపై గుంపులుగా వాలుతాయి. దూర ప్రయాణానికి కావలసిన బలాన్ని అవి ఈ కొద్ది వారాలలోనే కూడగట్టుకోవాలి.

శిఖం: ఒక మాట, ఒక వివాదం

చెరువు నిండినప్పుడు మునిగి, నీరు తగ్గినప్పుడు బయటపడే నేలను తెలంగాణలో శిఖం అంటారు. పక్షులకు వసంతంలో ఆహారం దొరికేది ఈ నేలలోనే. అదే వసంతంలో అది చూసేవారికి ఖాళీ స్థలంలా కనిపిస్తుంది. ఆక్రమణలకు వీలు కల్పించేది కూడా ఈ భ్రమే. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. భూమి ధర పెరిగిన కొద్దీ శిఖంపైనా, చెరువులను కలిపే కాలువలపైనా ఒత్తిడి పెరిగింది. అందుకే చెరువు హద్దును నేడు కనిపించే నీటిని బట్టి కాక, పూర్తి నీటిమట్టాన్ని (ఎఫ్‌టీఎల్) బట్టి నిర్ణయిస్తారు.

రక్షణ ప్రయత్నాలు

2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద 2016లో అమీన్‌పూర్ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగర ప్రాంతంలోని ఒక చెరువుకు దేశంలో ఈ హోదా దక్కడం అదే మొదటిసారి. అయితే చెరువుకు హోదా వచ్చినంత మాత్రాన సరిపోదు. నీరు తెచ్చే కాలువ మూసుకుపోతే చెరువు నిండదు. మురుగు చేరితే నీరు నిలిచినా పక్షులకు పనికిరాదు.

2025 వసంతంలో ఇటువంటి వివాదమే హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన తలెత్తింది. కంచ గచ్చిబౌలిలో దాదాపు 400 ఎకరాలలో చెట్లు కొట్టడం మొదలైంది. నెమళ్లు, జింకలు తిరిగే ఆ స్థలంలో పనులు ఆపాలని ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇక్కడ ‘కంచ’ అనే మాటను గమనించండి. అది పశువుల మేతకు విడిచిన నేలకు పేరు. శిఖం వలెనే అది కూడా సాగులో లేకపోయినా వాడుకలో ఉన్న భూమి.

సారాంశం

ఈ ప్రాంతపు తడినేలలు మానవ నిర్మితాలు. కనుక వాటిని కాపాడవలసింది కూడా మానవులే. వసంతంలో ఎండినట్టు కనిపించే అంచు చెరువులో భాగమే. అక్కడ మేసే పక్షి అందుకు సాక్ష్యం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. శిఖం అంటే ఏమిటి? చెరువు హద్దును పూర్తి నీటిమట్టాన్ని బట్టి ఎందుకు నిర్ణయిస్తారు?
2. మీ సమీపంలోని ఒక చెరువును మార్చి నెలలో చూడండి. నీరు ఎంతవరకు ఉంది, పక్షులు ఎక్కడ మేస్తున్నాయి, పాత కట్ట, అలుగు ఎలా ఉన్నాయి అనేవి రాయండి. ఊరి పెద్దలను అడిగి, వారి చిన్ననాటి చెరువుతో పోల్చండి.