పాత జీపు స్టీరింగ్ ఎందుకు ఊగుతుంది? వందేళ్ల ‘షిమ్మీ’ కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక పాత జబ్బు గురించి చెప్తాను. మనుషులకొచ్చేది కాదు, బండికొచ్చేది.

ఆదివారం పొద్దున్నే కొత్తగూడ జంక్షన్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. పాత మహీంద్రా జీపులు ఒకటో రెండో కనిపిస్తాయి. లావు టైర్లు, పైకి లేపిన బాడీ, బయటికి పొడుచుకొచ్చిన చక్రాలు. చూడ్డానికి మస్తుంటాయి. నడిపేవాళ్లను అడిగితే మాత్రం ఇంకో మాట చెప్తారు: "అరవై దాటితే స్టీరింగ్ చేతిలో నిలవదన్నా. ఫ్లైఓవర్ జాయింట్ మీద పడితే ముందు చక్రాలు గజగజ ఊగుతయ్." ఆ తర్వాత చాలామంది చేసేది ఒకటే. మెకానిక్ దగ్గరికి పోయి, "స్టీరింగ్ బాక్స్ టైట్ చెయ్" అంటారు.

అసలు రోగం అక్కడ ఉండకపోవచ్చు. ఎందుకో అర్థం కావాలంటే 1920ల అమెరికాకి వెళ్లాలి.

అప్పటిదాకా కార్లకు సన్నటి, గట్టి టైర్లు ఉండేవి. గాలి చాలా ఎక్కువ కొట్టేవాళ్లు, అందుకే ప్రయాణం నడుం విరిగేలా ఉండేది. 1923లో ఫైర్‌స్టోన్ కంపెనీ లావుగా, తక్కువ గాలితో నడిచే ‘బెలూన్ టైర్లు’ తెచ్చింది. అదే కాలంలో ముందు చక్రాలకూ బ్రేకులు రావడం మొదలైంది. రెండూ మంచివే. కానీ ముందు యాక్సిల్ దగ్గర బరువు పెరిగింది, టైరు మెత్తబడింది. ఒక స్పీడు దాటగానే ముందు చక్రాలు కుడికీ ఎడమకీ ఊగడం మొదలుపెట్టాయి. ఆ రోజుల్లో ‘షిమ్మీ’ అని భుజాలూపే డాన్స్ ఒకటి బాగా నడిచేది. ఇంజనీర్లు ఈ జబ్బుకి ఆ పేరే పెట్టారు.

ఎందుకు ఊగుతాయి? బొంగరం గుర్తు తెచ్చుకోండి. తిరుగుతున్న బొంగరాన్ని ఒక పక్కకి వంచబోతే అది ఇంకో దిక్కుకి తిరుగుతుంది. చక్రం కూడా అంతే. పాత బండ్లలో రెండు ముందు చక్రాలనూ ఒకే గట్టి యాక్సిల్ కలుపుతుంది. ఒక చక్రం గుంతలో పడితే యాక్సిల్ మొత్తం వంగుతుంది, రెండు చక్రాలూ వంగుతాయి. వంగిన చక్రం పక్కకి తిరగబోతుంది. లింకేజీలో కాస్త వదులుంటే ఆ తిరుగుడు ఆగదు, అటూ ఇటూ కొట్టుకుంటూ పెరుగుతూ పోతుంది. టైరు ఎంత బరువైతే అంత జోరు.

బోల్టులు బిగించినంత మాత్రాన ఇది పోలేదు. మోరిస్ ఓలీ అనే ఇంజనీరు రోల్స్ రాయిస్ నుంచి జనరల్ మోటార్స్‌కి వచ్చి ఈ ఊగుడు మీద, సస్పెన్షన్ మీద పనిచేశాడు. 1934 మోడల్ కార్లలో ఆ కంపెనీ ఏ చక్రానికి ఆ చక్రం విడిగా లేచే ముందు సస్పెన్షన్ తెచ్చింది. అంటే ఒక కొత్త టైరు తెచ్చిన తిప్పలు పూర్తిగా తీరాలంటే బండి ముందుభాగాన్నే మార్చాల్సి వచ్చింది.

మరి జీపు సంగతి? 1941లో యుద్ధం కోసం పుట్టిన విల్లీస్ జీపుకి మళ్లీ గట్టి యాక్సిల్, కమాన్ పట్టీలే పెట్టారు. బురదలో, రాళ్లలో నడవాలి, ఎక్కడైనా రిపేర్ అవ్వాలి, అందుకు అదే సరైనది. మహీంద్రా వాళ్లు 1947 నుంచి ఆ జీపుల పని మొదలుపెట్టారు. మన ఊళ్లలో పోలీసులకి, ఎన్నికల ప్రచారానికి, పొలం పనులకి దశాబ్దాల పాటు తిరిగినవి ఆ వంశానివే. మహీంద్రా థార్ పేరుతో 2010లో వచ్చిన బండికి ముందు చక్రాలు విడివిడిగా లేస్తాయి. దానికి ముందటి సీజేలు, ఎంఎం 540లు గట్టి యాక్సిల్ బండ్లే.

విల్లీస్ జీపుకి కంపెనీ ఇచ్చిన టైరు 6.00-16. సన్నగా ఉంటుంది. దాన్ని తీసేసి లావు టైరు వేస్తే 1923 కథ మళ్లీ మొదలైనట్టే. వెడల్పు రిమ్ వేస్తే చక్రం కింగ్ పిన్‌కి దూరం జరుగుతుంది, ప్రతి గుంతా ఇంకా గట్టిగా లాగుతుంది. పొడుగు షాకిళ్లు వేసి ముందుభాగం లేపితే యాక్సిల్ కొద్దిగా తిరిగి ‘క్యాస్టర్’ తగ్గిపోవచ్చు. సైకిల్ ముందు ఫోర్క్ వాలుగా ఉంటుంది కదా, చేతులు వదిలినా నేరుగా పోయేలా చేసేది ఆ వాలే. జీపుకి అది సుమారు 3 డిగ్రీలు. అది తగ్గితే స్టీరింగ్ తిప్పాక తనంతట తాను మధ్యకి రాదు.

అందుకే చెక్ చేసే వరుస ముఖ్యం. ముందు టైర్లు: గాలి, బ్యాలెన్సింగ్, రిమ్ వంకర, నట్లు. తర్వాత ఇంజన్ ఆపి, ఒకరు స్టీరింగ్‌ని కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పాలి, ఇంకొకరు కింద చూడాలి. ఎక్కడ ఒక ముక్క కదిలి, పక్క ముక్క ఆలస్యంగా కదులుతుందో వదులు అక్కడే. టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింక్ చూడాలి. పాత జీపుల్లో మధ్యలో ‘బెల్ క్రాంక్’ అని ఒక మలుపు ముక్క ఉంటుంది, దాని బుష్ అరిగితే ప్లే బాగా పెరుగుతుంది. తర్వాత ముందు చక్రాలను జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే వీల్ బేరింగ్, కింగ్ పిన్ బేరింగ్ బయటపడతాయి. ఆపైన కమాన్ల యూ బోల్టులు, షాకిల్ బుష్‌లు, స్టీరింగ్ బాక్స్‌ని ఛాసిస్‌కి పట్టే బోల్టులు. ఆ తర్వాత అలైన్‌మెంట్, క్యాస్టర్.

స్టీరింగ్ బాక్స్ అడ్జస్ట్‌మెంట్ అన్నిటికన్నా చివర. దాన్ని అతిగా బిగిస్తే పట్టేస్తుంది, మలుపు తర్వాత వెనక్కి రాదు, లోపలి పళ్లు తొందరగా అరుగుతాయి. స్టీరింగ్ డ్యాంపర్ కూడా మందు కాదు. నొప్పి తెలియనివ్వదు, అంతే. అరిగిన జాయింట్ లోపల అరుగుతూనే ఉంటుంది.

చట్టం మాట కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన ప్రాథమిక నిర్మాణాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. దీన్ని చలాన్ల గొడవగా చూడకండి. ఊరి బాట కోసం పుట్టిన బండిని మనం ఈరోజు గచ్చిబౌలి దగ్గర 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కిస్తున్నాం. అక్కడ పక్క లేన్‌లో వెళ్లే కుటుంబానికి మీ టైరు సైజు తెలియదు.

నన్ను అడిగితే, ముందు ఒక్కసారి కంపెనీ సైజు టైర్లు వేసి నడిపి చూడండి. ఊగుడు తగ్గితే మీరు మార్చిన చోటే వెతకాలి. తగ్గకపోతే అరిగిన ముక్క కోసం వెతకాలి. అప్పటిదాకా స్పీడ్ రోడ్డు ఎక్కొద్దు.