ఏ పద్దుకూ చెందని శిక్షణ: అంగన్‌వాడీల్లో బాలల భద్రత, ప్రభుత్వ నిధులు

బాలల కోసం ప్రభుత్వాలు పెట్టే ఖర్చు మీద వచ్చిన రచనల్లో ఒక అలవాటు పాతుకుపోయింది. బడ్జెట్ అంకెలను ఆరోగ్యం, అభివృద్ధి, విద్య, రక్షణ అని నాలుగు కుప్పలు పోస్తారు. నాలుగో కుప్ప మరీ చిన్నదని వాపోతారు. దాన్ని పెంచమని సిఫార్సు చేసి ముగిస్తారు. ఢిల్లీలోని ‘హక్’ బాలల హక్కుల కేంద్రం కేంద్ర బడ్జెట్‌పై వెలువరిస్తూ వచ్చిన విశ్లేషణలతో ఈ పద్ధతి స్థిరపడింది. తర్వాతివారు చాలావరకు దాన్నే అందిపుచ్చుకున్నారు. 2008-09 నుంచి కేంద్ర బడ్జెట్‌తో పాటు బాలల కేటాయింపుల ప్రకటన విడిగా వస్తున్నది కాబట్టి లెక్కలు తీయడం తేలికైంది కూడా. ఆ విశ్లేషణల విలువను కాదనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే ఆ వర్గీకరణే ఒక ముఖ్యమైన లోటును కంటికి కనిపించకుండా చేసిందన్నది నా వాదన. అంగన్‌వాడీ ‘అభివృద్ధి’ కుప్పలోకి వెళ్తుంది. లైంగిక దాడి, హింస, నిర్లక్ష్యం నుంచి పిల్లలను కాపాడే పనులన్నీ ‘రక్షణ’ కుప్పలోకి వెళ్తాయి. మరి మూడేళ్ల పిల్లను రోజంతా కనిపెట్టుకుని ఉండే అంగన్‌వాడీ టీచరుకూ, ఆయాకూ బాలల భద్రతలో ఇచ్చే శిక్షణ ఎక్కడికి వెళ్తుంది? ఎక్కడికీ వెళ్లదు. మనిషి ఒక కుప్పలో, ఆమె నేర్చుకోవలసిన పని మరో కుప్పలో ఉండిపోయాయి.

ఇది కాగితం మీది చిక్కు మాత్రమే అయితే ఇంత చర్చ అక్కర్లేదు. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ పథకాల నిర్మాణం కూడా సరిగ్గా ఈ గీత వెంటే చీలి ఉంది. అంగన్‌వాడీలను నడిపే సక్షమ్ అంగన్‌వాడీ-పోషణ్ 2.0 (మార్గదర్శకాలు 2022 ఆగస్టులో వెలువడ్డాయి) ఒక పక్క, బాలల రక్షణకు ఉద్దేశించిన మిషన్ వాత్సల్య (మార్గదర్శకాలు అదే ఏడాది జులైలో వచ్చాయి) మరో పక్క. 2025-26 కేంద్ర బడ్జెట్ అంచనాల్లో మొదటిదానికి 21,960 కోట్ల రూపాయలు, రెండోదానికి 1,500 కోట్లు. వాత్సల్య కింద శిక్షణ అంటే ప్రధానంగా బాలల సంక్షేమ సమితులు, బాలల న్యాయమండళ్లు, జిల్లా బాలల పరిరక్షణ యూనిట్లు, బాలల సంరక్షణాలయాల సిబ్బంది. వీళ్లంతా హాని జరిగాక బిడ్డ ఎదురుపడే మనుషులు. జరగకముందు బిడ్డ దగ్గర ఉండే మనిషి అంగన్‌వాడీది. కాబట్టి ‘రక్షణకు వాటా పెంచండి’ అన్న హక్ మార్కు సిఫార్సును ప్రభుత్వం రేపే తలకెత్తుకుని ఆ 1,500 కోట్లను రెట్టింపు చేసినా, అందులో ఒక్క రూపాయి ఆయా శిక్షణకు చేరుతుందన్న పూచీ లేదు. సిఫార్సులో ఉన్న లోపం పరిమాణానికి సంబంధించింది కాదు, చిరునామాకు సంబంధించింది.

చట్టం మాత్రం చాలా స్పష్టంగా ఉంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని, జరగబోతున్నదని తెలిసిన ఎవరైనా ఫిర్యాదు చేసి తీరాలి. చేయకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, తన కింద పనిచేసేవారి నేరాన్ని సంస్థ బాధ్యులు దాచిపెడితే ఏడాది దాకా. 43వ సెక్షన్ ప్రచారం, శిక్షణల బాధ్యతను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మీదే పెట్టింది. 2020 మార్చిలో వచ్చిన పోక్సో నియమాలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. పిల్లలతో నిత్యం సంబంధం ఉండే సంస్థలు, శిశు సంరక్షణ కేంద్రాలు సహా, సిబ్బంది పూర్వాపరాలను పోలీసుల ద్వారా విచారించాలనీ, భద్రతపై ఎప్పటికప్పుడు శిక్షణ జరపాలనీ 3వ నియమం చెబుతుంది. పిల్లలతో మెలిగేవారు రెగ్యులర్ అయినా, కాంట్రాక్టు అయినా ప్రభుత్వాలు వారికి పునశ్చరణ తరగతులు పెట్టాలని అదే నియమం ఆదేశిస్తుంది. ఇప్పుడు అంగన్‌వాడీ కార్యకర్త ఎవరు? ఆమె రెగ్యులర్ కాదు, కాంట్రాక్టూ కాదు. ‘గౌరవ వేతనం’ మీద పనిచేసే సేవకురాలు. గ్రాట్యుటీ ఇవ్వాలని చెప్పించుకోవడానికే 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు దాకా ఆగవలసి వచ్చింది. జైలుశిక్ష భయం మాత్రం ఉద్యోగ హోదాతో నిమిత్తం లేకుండా ఆమెకు వర్తిస్తుంది. శిక్ష విషయంలో ఆమెను పూర్తి బాధ్యురాలిగా చూసి, శిక్షణ విషయంలో స్వచ్ఛంద సేవకురాలిగా చూడడం పొరపాటున జరిగింది కాదు. ఇది ఖర్చు తప్పించుకునే పద్ధతి.

భద్రత అనగానే లైంగిక దాడి ఒక్కటే గుర్తుకురావడం మరో ఇరుకు దృష్టి. అంగన్‌వాడీ గదిని ఒకసారి దగ్గరగా చూడాలి. అద్దె ఇంట్లో నడిచే కేంద్రాల్లో చాలాచోట్ల చదువూ వంటా ఒకే కప్పు కింద సాగుతాయి. ఒక మూల ఆటవస్తువులు, ఇంకో మూల గ్యాస్ బండ, పొయ్యి. గర్భిణులకూ బాలింతలకూ కేంద్రంలోనే ఒక పూట భోజనం పెట్టే ఆరోగ్యలక్ష్మి పథకం తెలంగాణలో 2015లో మొదలైంది. అప్పటినుంచి గిన్నెలు పెద్దవయ్యాయి, గది మాత్రం పెరగలేదు. టీచరు పోషణ్ ట్రాకర్ యాప్‌లో హాజరు, బరువులు, ఎత్తులు ఎక్కిస్తుంటే, పిల్లలను ఇళ్ల నుంచి తీసుకొచ్చేది, అన్నం వండేది, తినిపించేది, ముక్కు తుడిచేది, మరుగుకు తీసుకెళ్లి కడిగేది ఆయా. ఒంటి మీద వాత పడినా, పిల్ల ఒక్కసారిగా ముడుచుకుపోయినా, లోదుస్తుల మీద మరక కనిపించినా మొదట చూసే కళ్లు ఆమెవే. అసలు మరుగుదొడ్డి ఉంటే కదా అనేవారూ ఉంటారు. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకంపై 2012-13లో కాగ్ ఇచ్చిన నివేదిక, పరిశీలించిన కేంద్రాల్లో 52 శాతానికి మరుగుదొడ్లు లేవని తేల్చింది. మరుగుదొడ్డి లేని కేంద్రంలో పసిపిల్ల ఆరుబయటకు వెళ్తుంది. అక్కడ కనిపెట్టుకుని ఉండడం తెలియడమూ ఒక నైపుణ్యమే. వంటింటి నిర్లక్ష్యం ఎంతటిదో చెప్పడానికి రెండు పేర్లు చాలు. 2004 జులై 16న కుంభకోణం పాఠశాలలో వంటశాల నుంచి అంటుకున్న మంట 94 మంది పిల్లలను బలితీసుకుంది. 2013లో అదే జులై 16న బిహార్ సారణ్ జిల్లా గండామన్‌లో పురుగుమందు కలిసిన నూనెతో చేసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది చనిపోయారు. మొదటి ఘటన తర్వాత దాఖలైన వ్యాజ్యంలో 2009లో సుప్రీంకోర్టు పాఠశాలల్లో అగ్నిమాపక పరికరాలుండాలని, వాటి వాడకంలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని చెప్పింది. ఆ తీర్పు బడుల గురించి; పొయ్యి, పిల్లలు ఒకే గదిలో ఉండే అంగన్‌వాడీల ఊసు చర్చలోకి రాలేదు.

డబ్బు లేదన్న మాట నిలవదు. 2023 మే 10న ప్రారంభమైన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమానికి తొలి విడతగా 600 కోట్లు ప్రకటించారు. 13 లక్షల పైచిలుకు కార్యకర్తలకు మూడు రోజుల శిక్షణ. తలకు సుమారు 4,615 రూపాయలు, రోజుకు 1,538. ఈ లెక్క ప్రకారం చూస్తే ఆంధ్రప్రదేశ్‌లోని 55,607 కేంద్రాలకు, తెలంగాణలోని 35,700 కేంద్రాలకు, కేంద్రానికి టీచరు, ఆయా ఇద్దరు చొప్పున, రెండు రోజుల భద్రత శిక్షణకు అయ్యేది 56 కోట్లు. దేశంలోని 14 లక్షల కేంద్రాలకూ చేసినా 861 కోట్లు; సక్షమ్ పద్దులో నాలుగు శాతం లోపే. పైగా ఇది ప్రతి ఏటా పెట్టే ఖర్చు కాదు. 2023 శిక్షణ లక్ష్యాలు పూర్వ ప్రాథమిక విద్య, పోషకాహారం, వైకల్యాలను ముందుగా గుర్తించడం. మూడూ అవసరమే. అయితే మూడు రోజులు కేటాయించగలిగినవారు నాలుగో రోజు కేటాయించలేకపోవడానికి కారణం నిధుల కొరత కాదు. ఆ నాలుగో రోజును అడిగే పద్దు లేకపోవడం. ఇంకో సంగతి, శిక్షణ కార్యకర్తలకే, అంటే టీచర్లకే. పైన చెప్పిన పనులన్నీ చేసే ఆయా ఆ లెక్కలో లేదు. ఆస్ట్రేలియాలో 2025లో మెల్‌బోర్న్ శిశుకేంద్రాల్లో పిల్లలపై లైంగిక దాడుల ఆరోపణల ఉదంతం బయటపడ్డాక అక్కడి ప్రభుత్వాలు నాలుగేళ్లకు 18.9 కోట్ల డాలర్ల దాకా ప్యాకేజీకి ఒప్పుకుని, భద్రత శిక్షణను పిల్లలను చూసుకునేవారికే కాక ఆ కేంద్రాల్లో పనిచేసే అందరికీ తప్పనిసరి చేయాలని నిర్ణయించాయి. ఉదంతం జరిగాక కళ్లు తెరిచారని అనవచ్చు. మనకు జరగలేదా?

జరిగింది. 2022 అక్టోబరులో హైదరాబాదు బంజారాహిల్స్‌లోని ఒక ప్రైవేటు పాఠశాలలో నాలుగేళ్ల ఎల్‌కేజీ చిన్నారిపై ప్రిన్సిపాల్ డ్రైవరు అఘాయిత్యం బయటపడింది. ప్రభుత్వం బడి గుర్తింపును రద్దు చేసింది, కమిటీ వేసింది. మరుసటి ఏడాది కోర్టు నిందితుడికి ఇరవై ఏళ్ల శిక్ష వేసింది. ఆ తర్వాత సాగిన చర్చలో సీసీ కెమెరాలకు దక్కిన చోటు శిక్షణకు దక్కలేదు. కెమెరా కొనుగోలుకు బిల్లు ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. అనుమానాన్ని గుర్తించే చూపుకు ఆ రెండూ ఉండవు. పైగా ఆ వయసు పిల్లల గురించి మన దగ్గర సమాచారమే బహు తక్కువ. ఈ రంగంలో అందరూ ఉటంకించే 2007 నాటి కేంద్ర మంత్రిత్వశాఖ అధ్యయనం ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను పలకరించి, 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక హింసకు గురైనట్టు తేల్చింది. ఆ పిల్లలు అయిదు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్యవారు. అంటే అంగన్‌వాడీ వయసు దాదాపుగా లెక్కలోకే రాలేదు. మాట సరిగా రాని పిల్లల గురించి అడిగి తెలుసుకోలేం, చూసి తెలుసుకోవాలి. చూసే మనిషికి నేర్పకపోతే ఈ వయసు గణాంకాలు ఎన్నటికీ రావు. గణాంకాలు లేవు కనుక నిధులూ రావు.

రెండు అభ్యంతరాలు ఊహించగలను. ఇప్పటికే రిజిస్టర్లు, యాప్‌లు, సర్వేలతో నలిగిపోతున్న కార్యకర్త మీద మరో బరువా అన్నది మొదటిది. 2023 డిసెంబరులో మొదలై 42 రోజులు నడిచిన ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీల సమ్మె చూసినవారు దాన్ని కొట్టిపారేయలేరు, కానీ దానికి విరుగుడు యాప్‌లు తగ్గించడం, శిక్షణ మానడం కాదు. శిక్షణతో తెలివిడి పెరుగుతుందే గానీ హింస తగ్గినట్టు రుజువు తక్కువన్నది రెండోది. అది నిజమే. కానీ ఆ మాట పోలీసు శిక్షణకూ వర్తిస్తుంది, అక్కడ ఎవరూ నిధులు ఆపమనడం లేదు.

కావలసింది కొత్త పథకం కాదు. సక్షమ్ అంగన్‌వాడీ పద్దు కింద బాలల భద్రత శిక్షణ అన్న ఉపశీర్షిక ఒకటి తెరవాలి. అందులో ఆయాలను పేరుపెట్టి చేర్చాలి. రాష్ట్ర వాటాను శాసనసభలో విడిగా చూపాలి. బాలల బడ్జెట్‌ను లెక్కించే పరిశోధకులు ముందు తమ నాలుగు కుప్పల పట్టికను సవరించుకోవాలి. 2020 నాటి నియమం ఇప్పటికీ అమల్లోనే ఉంది. దాని పేరిట అంగన్‌వాడీల కోసం ఎంత ఖర్చయిందో చెప్పే వరుస బాలల బడ్జెట్ ప్రకటనలో లేదు.