పాత రివాల్వరు - పుట్టుపూర్వోత్తరాలు

మన దేశంలో తుపాకీ కొనడమంటే కలెక్టరు కచేరీ చుట్టూ తిరగడమే. 1878 నాటి ఆయుధ చట్టం లైసెన్సు లేనిదే భారతీయుడు ఆయుధం ఉంచుకోరాదని శాసించి, దొరలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. స్వతంత్రం వచ్చాక 1959లో చేసిన చట్టం ఆ మినహాయింపును తీసేసినా లైసెన్సును ఉంచింది. అందువల్ల మనలో చాలామందికి రివాల్వరంటే తెరమీద ప్రతినాయకుడి చేతిలో చూసిన వస్తువే. అమెరికాలో అలా కాదు. పాత గడియారాలు అమ్మినట్టు పాత రివాల్వర్లను అద్దాల బల్లలో పేర్చి అమ్ముతారు. దుకాణమో మోటెలో నడుపుకునే మనవాళ్ళలో కొందరు, రాత్రివేళ భయానికి, ఒకటి కొందామా అని ఆలోచిస్తుంటారు. చౌకగా ఉన్నది, తళతళ మెరిసేది చూసి బేరమాడతారు.

కొనాలా వద్దా అన్నది ఎవరి ఇంటి సంగతి వారిది. మేము చెప్పదలచింది వేరు. పాత రివాల్వరు ఒంటినిండా దాని చరిత్ర చెక్కి ఉంటుంది. వైద్యుడు రోగి చెయ్యి పట్టేముందు పూర్వ చరిత్ర అడిగినట్టే, కొనేవాడు ముందు ఆ రాతను చదవాలి. చదవకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక్క రకాన్ని ఉదాహరణగా తీసుకుంటాము. అది రెండవ ప్రపంచ యుద్ధంలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ తయారుచేసిన విక్టరీ మోడలు.

అంతకుముందు రివాల్వరు పుట్టుక గురించి రెండు మాటలు. ఈ కథలో మన దేశానికీ కొంత చోటుంది. 1830లో శామ్యూల్ కోల్ట్ అనే పదహారేళ్ళ కుర్రవాడు బోస్టన్ రేవులో కోర్వో అనే ఓడ ఎక్కి కలకత్తా ప్రయాణం కట్టాడు. తిరిగే సిలిండరుకు కర్రతో నమూనా చెక్కింది ఆ ప్రయాణంలోనే. ఓడ చుక్కాని చక్రం తిరిగి ఆగే తీరు చూసి ఊహ తట్టిందని ఒక కథ. అప్పటికే ఇంగ్లీషు సైనికులు ఇండియాకు తెచ్చుకున్న కోలియర్ రకం తుపాకిని అక్కడ చూసి ఉంటాడని మరొక వాదం. ఏమైనా 1836 ఫిబ్రవరి 25న అమెరికాలో పేటెంటు వచ్చింది. న్యూజెర్సీలోని పేటర్సన్‌లో పెట్టిన మొదటి కర్మాగారం 1842 నాటికి మూతపడినా, 1847లో సైన్యం ఆర్డరుతో కోల్ట్ మళ్ళీ నిలదొక్కుకున్నాడు.

కోల్ట్ రివాల్వరులో మందు, గుండు సిలిండరు ముందు వైపునుంచి దట్టించాలి. 1855లో రోలిన్ వైట్ అనే ఆయన సిలిండరులోని గదులను ఈ చివరినుంచి ఆ చివరికి తొలిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. స్మిత్, వెసన్ అనే భాగస్వాములు తుపాకికి 25 సెంట్ల చొప్పున ఆయనకు ముట్టజెప్పి, 1857లో వెనుకనుంచి తూటా పెట్టే రివాల్వరును అమ్మకానికి తెచ్చారు. 1869లో పేటెంటు గడువు తీరగానే అందరూ ఆ దారే పట్టారు. 1899లో ఇదే కంపెనీ, సిలిండరు పక్కకు తెరుచుకునే మిలిటరీ అండ్ పోలీస్ మోడలు తెచ్చింది. విక్టరీ మోడలు దాని యుద్ధకాలపు రూపమే.

ఇక్కడ పాఠకులు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. సిలిండరులోని ప్రతి గదినీ ఒకే రకం తూటాకు కొలతపెట్టి తొలుస్తారు. పేరులో .38 అని ఉన్నంత మాత్రాన తూటాలన్నీ ఒకటి కావు. బ్రిటిష్ సైన్యం వాడిన తూటా డొల్ల పొట్టిది, లావుది. దాని పొడవు .775 అంగుళం, అడుగున అడ్డుకొలత .386. అమెరికాలో వాడుకలో ఉన్న .38 స్పెషల్ డొల్ల పొడుగుది, సన్ననిది. దాని పొడవు 1.155 అంగుళాలు, అడ్డుకొలత .379. అడ్డుకొలతలో తేడా అంగుళంలో వెయ్యోవంతులు ఏడు, అంటే రెండు మూడు తలవెంట్రుకల మందం. ఈ కాస్త తేడాయే ముందు ముందు చాలా కథ నడిపింది.

యుద్ధం మొదలైన రోజుల్లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక తేలికపాటి రైఫిలు కోసం స్మిత్ అండ్ వెసన్‌కు పది లక్షల డాలర్లు బయానా ఇచ్చింది. ఆ రైఫిలు పరీక్షల్లో తప్పింది. సొమ్ము అప్పటికే ఖర్చయింది. కంపెనీ బాకీ తీర్చడానికి డబ్బుకు బదులు రివాల్వర్లు ఇస్తానంది. ఆ తరువాత లెండ్-లీజు కింద ఇంకా వెళ్ళాయి. మొత్తం మీద అయిదు లక్షలకు పైగా బ్రిటనుకూ, కామన్వెల్తు దేశాలకూ చేరాయి. అవన్నీ బ్రిటిష్ తూటాకు తొలిచినవి, ఎక్కువగా అయిదంగుళాల గొట్టం కలవి. అమెరికా నౌకాదళానికి ఇచ్చినవి మాత్రం .38 స్పెషల్‌కు తొలిచిన నాలుగంగుళాల గొట్టం కలవి. 1942లో నంబర్లు పది లక్షలకు చేరాక, వరుస మళ్ళీ మొదలుపెట్టి ముందు "వి" అక్షరం చేర్చారు. విక్టరీ అన్న పేరు అలా వచ్చింది. మెరుగు పెట్టే తీరిక లేక బూడిదరంగు పూతతోనే పంపేవారు.

1944 చివరలో ఒక యుద్ధనౌకలో ఈ రివాల్వరు ఉక్కు డెక్కు మీద పడి పేలి ఒక నావికుడు చనిపోయాడు. హ్యామరు మీద దెబ్బ తగిలితే తూటాకు సోకకుండా ఆపవలసిన అడ్డుపట్టీ పని చేయలేదు. కంపెనీ వెంటనే కొత్త అడ్డుపట్టీని రూపొందించింది. అది ఉన్నవాటికి నంబరు ముందు "ఎస్.వి." అని కొట్టారు. అంటే ఒకే రూపు కలిగిన రెండు రివాల్వర్లలో ఏది పట్టుదప్పి పడితే ఎక్కువ ప్రమాదమో చెప్పేది పిడి అడుగున ఉన్న ఒక్క అక్షరం.

యుద్ధం ముగిశాక బ్రిటనులో మిగిలినవాటిని వ్యాపారులు టోకున కొని అమెరికాకు తిరిగి తెచ్చారు. ఇక్కడ బ్రిటిష్ తూటాకు గిరాకీ లేదు. అందుచేత గదులను ముందుకు మరికాస్త తొలిచి .38 స్పెషల్ పట్టేలా చేశారు. గొట్టాలు కోసి పొట్టివి చేశారు, పైన నికెలు పూత పూశారు. పొడవైతే సరిపోయింది గాని, వెనుకభాగం వెడల్పు తగ్గించడం ఎవరి తరమూ కాదు. సన్నని డొల్ల ఆ వెడల్పు గదిలో పేలినప్పుడు ఉబ్బుతుంది, ఒక్కోసారి చీలుతుంది. చీలితే వేడి వాయువు వెనక్కి తన్నుతుంది.

ఇలాంటి రివాల్వరొకటి చరిత్ర కెక్కింది. 1963 జనవరిలో హిడెల్ అన్న దొంగపేరుతో ఒక వ్యక్తి లాస్ ఏంజిలిస్‌లోని తపాలా వ్యాపారికి ఆర్డరు పంపాడు. ధర 29 డాలర్ల 95 సెంట్లు. మార్చి 20న సరుకు బయలుదేరింది. అది వి.510210 నంబరు విక్టరీ మోడలు. బ్రిటనుకు వెళ్ళి వచ్చి, .38 స్పెషల్‌కు తిరగ తొలిచి, అయిదంగుళాల గొట్టాన్ని రెండుంపావు అంగుళాలకు కోసినది. ఆ ఏడాది నవంబరు 22న డాలస్‌లో అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగిన కొద్దిసేపటికి పోలీసు అధికారి జె. డి. టిప్పిట్ దానితోనే హతుడయ్యాడని వారెన్ సంఘం తేల్చింది. కొన్నవాడు లీ హార్వే ఆస్వాల్డ్. కాల్చిన డొల్లలు ఉబ్బి ఉన్నాయని ఎఫ్.బి.ఐ. నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. గొట్టం మాత్రం పాత బ్రిటిష్ కొలతదే గనుక, సన్నని గుండు దానిలో కుదురుగా పోక, గీతలు ఒక్కోసారి ఒక్కో రకంగా పడ్డాయి. డొల్లలు ఈ రివాల్వరువేనని నిర్ధారించగలిగారు గాని, గుండ్ల విషయంలో నిపుణుల మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు. ఒక కారుచౌక మరమ్మతు ఒక దేశపు విచారణకే చిక్కు తెచ్చిపెట్టింది. 1968లో వచ్చిన తుపాకీ నియంత్రణ చట్టం ఇలా తపాలాలో తెప్పించుకోవడాన్ని ఆపింది, సైన్యపు పాత సరుకు దిగుమతికీ అడ్డుకట్ట వేసింది. అప్పటికే వచ్చినవి మాత్రం నేటికీ చేతులు మారుతూనే ఉన్నాయి.

కనుక అటువంటిది ఎదురైతే చూడవలసిన వరుస ఇది. మొట్టమొదట సిలిండరు తెరిచి ఆరు గదులూ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. తరువాత నంబర్లు. పిడి అడుగున, సిలిండరు వెనుక, గొట్టం కింద ఉన్నవి మూడూ ఒకటే కావాలి. బ్రిటనులో వ్యాపారానికి వచ్చినవాటిపై ప్రూఫ్ హౌసు ముద్రలు, "నాట్ ఇంగ్లీష్ మేక్" అన్న మాటలు కనిపిస్తాయి. డొల్ల పొడవు .767 అన్న అంకె ఉంటే అది బ్రిటిష్ తూటాకు పరీక్షించినదని అర్థం. దానిపై తరువాత ఎవరు .38 స్పెషల్ అని కొట్టినా పుట్టుక మారదు. అక్షరాల అంచులు అరిగి అలుక్కుపోయినా, మర తలలు నలిగి ఉన్నా, గురిమొన అతుకు కనిపించినా ఎవరో చెయ్యి చేసుకున్నారన్నమాట. యుద్ధకాలపు తుపాకి అద్దంలా మెరిస్తే సంతోషించకూడదు, అనుమానించాలి.

ఇక ఒంటి పరీక్ష. హ్యామరును మెల్లగా వెనక్కి లాగినప్పుడు, అది పూర్తిగా వెనక్కి చేరేలోగా ప్రతి గదీ గొట్టానికి ఎదురుగా వచ్చి బిగుసుకోవాలి. ఆరింటినీ విడివిడిగా చూడాలి. ఎక్కుపెట్టిన హ్యామరును, ట్రిగ్గరు తాకకుండా, బొటనవేలితో ముందుకు నెడితే జారకూడదు. సిలిండరు ముందుకూ వెనక్కూ ఊగకూడదు. గొట్టానికీ సిలిండరుకూ నడుమ సందు సాధారణంగా అంగుళంలో వెయ్యోవంతులు నాలుగు నుంచి ఎనిమిది వరకు ఉంటుంది. గొట్టంలోకి వెలుగు పట్టి చూస్తే మధ్యలో ఉంగరంలాంటి నీడ కనిపిస్తే లోపల ఉబ్బినట్టు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా తుపాకుల మరమ్మతు తెలిసినవాడికి చూపకుండా డబ్బు చేతులు మారరాదు. గదులు తిరగ తొలిచినదైతే గోడకు తగిలించుకోవాలే గాని పేల్చరాదు.

చట్టం సంగతి కూడా చరిత్రలో భాగమే. 1998 నాటి సవరణ తరువాత తాత్కాలిక వీసాపై ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకి కొనరాదు, ఉంచుకోరాదు. గ్రీన్ కార్డు గలవారికి ఆ నిషేధం వర్తించదు. రాష్ట్రాల నియమాలు వేరు వేరు. మిత్రుడి దగ్గర చేబదులుగా తీసుకున్నా నేరం నేరమే.

చివరగా వైద్యవృత్తిలో ఉన్నవారిగా ఒక మాట. డాక్టర్ ఆర్థర్ కెలర్‌మన్ బృందం 1992, 1993లలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన పరిశోధనల ప్రకారం, తుపాకి ఉన్న ఇంట్లో ఆత్మహత్య సంభావ్యత 4.8 రెట్లు, ఇంట్లో హత్య జరిగే సంభావ్యత 2.7 రెట్లు ఉన్నట్టు తేలింది. ఆ లెక్కలపై వాదోపవాదాలు జరిగాయి గాని, దొంగకోసం కొన్నది దొంగకే తగులుతుందన్న హామీ లేదన్నది మాత్రం ఎవరూ కాదనలేరు. కనుక పాత రివాల్వరు చరిత్ర చదివాక, అది చేరబోయే ఇంటి చరిత్రనూ ఒకసారి చదువుకోవాలి. ఇంట్లో పసివాళ్ళున్నారా, మనసు కుంగినవాళ్ళున్నారా, తాళం వేసే ఇనుప పెట్టె ఉందా? తుపాకి మీది ముద్రలను అమ్మేవాడైనా చదివి పెట్టగలడు. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవలసింది ఆ ఇంటివారే.