పేరు మారిన స్టేడియం

శిలల పొరలను చూసి భూమి చరిత్రను తెలుసుకుంటారని మీరు చదువుకున్నారు. నగరాలకూ అటువంటి పొరలు ఉంటాయి. కాకపోతే ఇక్కడ రాళ్ళతో పాటు పేర్లను కూడా తవ్వి చూడాలి. బెర్లిన్ నగరం నడిబొడ్డున షొసీష్ట్రాసె అనే వీధి పక్కనున్న స్థలాన్నే తీసుకోండి.

చక్రవర్తుల కాలంలో అక్కడ సైనిక శిబిరం ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఆ ప్రాంతం తూర్పు బెర్లిన్‌లోకి వచ్చింది. 1950 మే నెలలో జరిగిన యువజన సమ్మేళనం కోసం కొద్ది నెలల్లోనే అక్కడ ఒక పెద్ద స్టేడియం కట్టారు. దానికి తూర్పు జర్మనీ నాయకుడు వాల్టర్ ఉల్‌బ్రిఖ్ట్ పేరు పెట్టారు. బతికున్న నాయకుడి పేరు కట్టడానికి పెడితే ఏమవుతుందో చూడండి. 1971లో ఆయన పార్టీ నాయకత్వం కోల్పోయాడు. 1973లో ప్రపంచ యువజనోత్సవాలు వచ్చాయి. అవి మొదలయ్యేలోపే స్టేడియం పేరును 'ప్రపంచ యువత స్టేడియం'గా మార్చేశారు. ఉత్సవాలు జరుగుతుండగానే, ఆగస్టు 1న ఉల్‌బ్రిఖ్ట్ మరణించాడు. ఉత్సవాలు ఆగలేదు.

1975 నుండి 1989 వరకు తూర్పు జర్మనీ ఫుట్‌బాల్ కప్ ఫైనల్ ఏటా ఇక్కడే జరిగేది. ఆ రోజుల్లో బెర్లిన్ డైనమో జట్టుకు రహస్య పోలీసు శాఖ అధిపతి ఎరిక్ మీల్కె అండ ఉండేది. లీగ్‌లో ఆ జట్టు 1979 నుండి 1988 వరకు వరుసగా పదిసార్లు విజేత. అయినా 1982, 1984, 1985 కప్ ఫైనళ్ళలో డ్రెస్డెన్ జట్టు దాన్ని ఇదే మైదానంలో ఓడించింది. అధికారం అన్నింటినీ శాసించే దేశంలో ప్రేక్షకుడికి అటువంటి సాయంత్రం ఎంత విలువైనదో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు నేల కిందికి దిగుదాం. స్టేడియం దగ్గరి భూగర్భ రైలు స్టేషన్‌కు కూడా దాని పేరే ఉండేది. 1961 ఆగస్టు 13న సరిహద్దు మూసివేసినప్పుడు ఆ స్టేషన్‌నూ మూసేశారు. ఆ మార్గం రెండు కొసలూ పశ్చిమ బెర్లిన్‌లో ఉన్నాయి, మధ్య భాగం మాత్రం తూర్పు వైపు నేల కింద ఉంది. అందువల్ల పశ్చిమ బెర్లిన్ రైళ్ళు అక్కడ ఆగకుండా, మసక వెలుతురులో నెమ్మదిగా సాగిపోయేవి. స్టేడియానికి వచ్చే తూర్పు వాసులు తమ కాళ్ళ కింద రైలు కదలికను గమనించగలిగేవారేమో గాని, ఎక్కలేకపోయేవారు. బెర్లిన్ ప్రజలు ఇటువంటి వాటిని 'దయ్యాల స్టేషన్లు' అన్నారు. 1990లో స్టేషన్ తిరిగి తెరుచుకుంది. మరుసటి ఏడాది దానికి ష్వార్ట్‌స్కాఫ్‌ష్ట్రాసె అన్న పాత పేరు తిరిగి వచ్చింది. ష్వార్ట్‌స్కాఫ్ 19వ శతాబ్దంలో రైలింజన్లు తయారు చేసిన పారిశ్రామికవేత్త.

స్టేడియానికి మాత్రం ఆ అదృష్టం దక్కలేదు. 2000 సంవత్సరపు ఒలింపిక్స్ బెర్లిన్‌కే వస్తాయన్న ఆశతో, కొత్త క్రీడా ప్రాంగణం కోసం 1992లో దానిని కూల్చివేశారు. 1993 సెప్టెంబరులో ఓటింగు జరిగితే మొదటి విడతలో బెర్లిన్‌కు వచ్చినవి 9 ఓట్లే. క్రీడలు సిడ్నీకి వెళ్ళిపోయాయి. ఉన్నదాన్ని పడగొట్టే ముందు ఫలితం వచ్చేదాకా ఒక్క ఏడాది ఆగి ఉండవచ్చు కదా అని మీరు అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే.

స్థలం ఏళ్ళ తరబడి బోసిగా మిగిలింది. 2006లో అక్కడ జర్మనీ విదేశీ గూఢచార సంస్థ కేంద్ర కార్యాలయ నిర్మాణం మొదలైంది. 2015లో ఆ నిర్మాణంలోంచి దొంగలు నీటి కుళాయిలు ఎత్తుకుపోగా అంతస్తులు నీట మునిగాయి. గూఢచారుల ఇంట్లోనే దొంగతనం! చివరికి 2019 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం జరిగింది. ఇప్పుడు మీరు ఆ స్టేషన్‌లో దిగి మెట్లెక్కితే, ఒకప్పుడు వేలమంది గోల్ అని అరిచిన చోట వేల కిటికీలు కనిపిస్తాయి.