నీటి చాటు కణితి: వృషణాల స్కానింగు పుట్టుపూర్వోత్తరాలు

వృషణసంచి ఉబ్బినప్పుడు లోపలున్నది నీరా, గడ్డా అని తేల్చడానికి వైద్యులు చాలాకాలం చీకటి గదిలో దీపాన్నే ఆశ్రయించారు. వెలుతురు ఇవతలికి వస్తే నీరనీ, ఆగిపోతే గడ్డ అనీ భావించేవారు. బోదకాలు వ్యాపించిన తెలుగు ప్రాంతాల్లో వరిబీజం, అంటే వృషణం చుట్టూ ఉన్న పొరల మధ్య నీరు చేరడం, ఎంత మామూలంటే, ఆ నీటి చాటున అరుదైన కణితి ఉండవచ్చుననే అనుమానమే చాలామందికి కలగదు.

ఆ చాటును తొలగించినది అల్ట్రాసౌండ్. ఒత్తిడికి కొన్ని స్ఫటికాల్లో విద్యుత్తు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లో కనుగొనగా, ఆ గుణాన్ని తిరగేసి విద్యుత్తుతో చెవికి వినిపించని శబ్దాన్ని పుట్టించి, దాని ప్రతిధ్వనితో పొట్టలోని గడ్డలను చూడవచ్చని గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం 1958లో ప్రకటించింది. 1974లో మిస్కిన్, బెయిన్ అనే కెనడా వైద్యులు ఆ పద్ధతిని వృషణాలకు వర్తింపజేశారు.

దీనివల్ల కలిగిన అసలు మేలు గడ్డ ఎక్కడున్నదో తెలియడం. వృషణం లోపలి గట్టి గడ్డను క్యాన్సర్‌గానే అనుమానించాలి. బయట, వీర్యకణాలు నిలువ ఉండే ఎపిడిడిమిస్‌లో కనిపించే ఎడినోమటాయిడ్ కణితి వంటివి ఎక్కువగా హానిచేయనివి. అయితే బాలురలో వృషణం పక్కనే పెరిగే రాబ్డోమయోసార్కోమా, అంటే కండర కణాలను పోలిన క్యాన్సర్, ఈ సూత్రానికి లొంగదు. ఎపిడెర్మాయిడ్ తిత్తి మాత్రం లోపలే ఉన్నా హానిలేనిది. అది తెరపై ఉల్లిపొరల వలె కనబడుతుంది, రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్‌లో అందులో ప్రవాహం కనిపించదు. సందేహం మిగిలినచోట, అయస్కాంత క్షేత్రంతో చిత్రించే ఎమ్మారై తోడ్పడుతుంది.  వరిబీజానికి మూలమైన బోదకాలు పురుగులు సజీవంగా మెలికలు తిరగడాన్ని సైతం బ్రెజిల్ పరిశోధకులు 1994లో ఈ అల్ట్రాసౌండ్‌తోనే చూపారు. ఆ పురుగులపై వాడే హెట్రజాన్ యల్లాప్రగడ సుబ్బారావు బృందం అందించిన మందు కావడం తెలుగువారు గర్వించదగిన విషయం.

అదే 1994లో వచ్చిన గర్భస్థ శిశు లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం నమోదు లేనిచోట స్కానింగు యంత్రం వాడరాదు కనుక, దుమ్ముగూడెం, చర్ల అడవి పల్లెల రోగి భద్రాచలానికో, ఖమ్మానికో రావలసి రావచ్చు. ఆ ప్రయాణానికి దూరం కంటే సిగ్గే పెద్ద అడ్డంకి. నొప్పిలేని గడ్డను దాచుకోకుండా చూపించుకోవాలి. స్కానింగు చేయించకముందే సంచిలోకి సూది గుచ్చి నీరు తీయించుకోరాదు, ఎందుకంటే లోపల క్యాన్సర్ ఉంటే సూది దారిన దాని కణాలు చర్మానికి పాకే ప్రమాదం ఉన్నది.