సైకిలు తొక్కడం, సైకిలెక్కడం

“మీకు సైకిలు తొక్కడం వచ్చా? చిన్నప్పుడు మీకు సైకిలు ఉండేదా? మీ ఊళ్ళో జనం సైకిళ్ళు ఎక్కువగా వాడతారా?” ఐఈఎల్‌టీఎస్ మౌఖిక పరీక్ష మొదటి భాగంలో ఎదురయ్యే తరహా ప్రశ్నలివి. బషీర్‌బాగ్ మొదలు నారాయణగూడ, చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ దాకా అద్దెగదుల్లోను, హాస్టళ్ళలోను వీటికి జవాబులు వల్లెవేసే పిల్లలను చాలాకాలంగా వింటున్నాను. అందరి జవాబూ దాదాపు ఒకటే: సైకిలు ఆరోగ్యానికి మేలు, పర్యావరణానికి హితం, కాలుష్యం ఉండదు. కాదనను. కాని అందులో చెప్పేవాడు కనబడడు, సైకిలూ కనబడదు.

విదేశీయుల ఆంగ్లాన్ని పరీక్షించే పనికి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 1913లో పూనుకున్నది. పన్నెండు గంటల ఆ పరీక్షకు ముగ్గురు కూర్చున్నారు, ముగ్గురూ తప్పారు. వ్యాకరణం, అనువాదం, ధ్వనిశాస్త్రాలతో పాటు సంభాషణ కూడా అందులో భాగమే. ఐఈఎల్‌టీఎస్ 1989లో వచ్చింది. దాని మౌఖిక భాగాన్ని 2001లో సవరించి 11 నుంచి 14 నిమిషాల సంభాషణగా, మూడు భాగాలుగా తీర్చారు. మన దేశంలో బ్రిటిష్ కౌన్సిల్, ఐడీపీ రెండూ దీన్ని నిర్వహిస్తూ ఉండేవి. 2021లో మొదటిదాని ఇక్కడి వ్యాపారాన్ని రెండవది కొనుక్కున్నది. కొలబద్దలు నాలుగు: ధార, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. అభిప్రాయం ఎంత ఉదాత్తమైనదన్న లెక్క వీటిలో ఎక్కడా లేదు. పర్యావరణ ప్రేమకు మార్కులుండవు. బట్టీ పట్టినట్టు వినిపిస్తే ఉన్నవీ పోతాయి.

ఈ పిల్లలు తరచు “ఐ డ్రైవ్ ఎ సైకిల్” అంటారు. ‘డ్రైవ్’ కాదు, ‘రైడ్’ అని శిక్షకులు దిద్దుతారు గాని కారణం చెప్పగా నేను వినలేదు. కారణం చరిత్రలో ఉందని నాకు తోస్తుంది. 1817లో జర్మనీలోని మన్‌హైమ్‌లో కార్ల్ ఫాన్ డ్రైస్ నడిపి చూపిన రెండు చక్రాల కొయ్యబండికి పెడళ్ళు లేవు. గుర్రం మీద లాగా చెరొకవైపు కాలు వేసి కూర్చుని, నేలను తన్నుకుంటూ సాగిపోవాలి. ఇంగ్లండులో దానికి ‘హాబీ హార్స్’, అంటే కొయ్యగుర్రం, అని పేరు పెట్టారు. గుర్రానికి వాడే క్రియ ‘రైడ్’. కూర్చునే చోటును వారు నేటికీ ‘శాడిల్’ అంటారు, అంటే జీను. మనకది సీటు. పారిస్‌లో పెడళ్ళు తగిలించింది 1860లలో. వెనక చక్రానికి గొలుసున్న స్టార్లీ ‘రోవర్’ 1885లో, డన్‌లప్ గాలిటైరు 1888లో వచ్చాయి. సైకిలు మన దాకా వచ్చేసరికి పెడలుతోనే వచ్చింది. కనుక మన భాష పాదాన్ని చూసింది: మట్టి తొక్కినట్టే సైకిలూ తొక్కాం. ఇది నా ఊహ మాత్రమే, భాషావేత్తలు కాదంటే పోట్లాడను. వారు ఒప్పుకునే మాట మరొకటి ఉంది. ‘బైసికిల్’లోని గ్రీకు ‘కుక్లోస్’, ఆంగ్ల ‘వీల్’, సంస్కృత ‘చక్రం’ ఒకే మూలం నుంచి పుట్టినవి. సైకిలు చక్రం అన్నప్పుడల్లా చక్రాన్ని రెండుసార్లు అంటున్నామన్నమాట!

‘డబుల్స్’ అన్న మన మాట పరీక్షాధికారికి టెన్నిసును గుర్తుచేస్తుంది. ఫరవాలేదు. నాన్న తొక్కుతుంటే నేను ముందు బారు మీద, చెల్లి వెనక క్యారియర్ మీద అని విడమరిస్తే చాలు. తెలియని పదాన్ని వర్ణించి చెప్పగలగడం కూడా పదసంపద కిందికే వస్తుంది. గంటకింతని అద్దెకు తెచ్చిన పెద్ద సైకిలు, సీటు అందక బారు కింది నుంచి కాలు దూర్చి తొక్కడం, చీకటి పడితే డైనమో రొద, ఇవన్నీ చెప్పాలంటే గతకాలపు అలవాటును తెలిపే క్రియారూపాలు వాటంతటవే రావాలి. రెండో ప్రశ్న అడిగేది అదే కదా.

మూడో ప్రశ్నకూ సరుకు కొరత లేదు. సోనీపట్‌లో 1951లో మొదలైన అట్లాస్ సంస్థ తన చివరి కర్మాగారాన్ని 2020 జూన్ 3న ఆపేసింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినం. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌరఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023 అక్టోబరులో తెరిచారు. పాలవాడూ పేపరువాడూ తొక్కేది మాత్రం పాత రోడ్డు మీదనే.

అశోక్‌నగర్‌లో ఒకబ్బాయి అభ్యాసం చేస్తూ తన తండ్రికి కారుందని చెప్పాడు. లేదు; ఆయన సైకిలు మీద పాలు పోస్తాడు. ఎందుకలా అన్నావంటే, “సైకిలంటే చిన్నచూపు చూస్తారేమోనండీ” అన్నాడు. వాడి తాతల కాలంలో సైకిలు, చేతిగడియారం, రేడియో ఇస్తేనే అల్లుడు పీటల మీద కూర్చునేవాడని చెప్పాను. నవ్వాడు. మరునాడు పాలక్యాన్లు క్యారియర్‌కు ఎటూ ఎటూ కట్టాలో, ఒకవైపే బరువైతే హ్యాండిల్ ఎలా గుంజుతుందో ఆగకుండా రెండు నిమిషాలు ఆంగ్లంలో చెప్పాడు. ‘డ్రైవ్’ అనే అన్నాడు, రెండుసార్లు.